కొన్న వజ్రం కట్ ఎలా ఉంది, దాని విలువెంత?

క్లుప్తంగా: ఒకే బరువు, ఒకే రంగు, ఒకే క్లారిటీ (లోపలి మచ్చలు ఎంత తక్కువన్న లెక్క) ఉన్న రెండు వజ్రాల మెరుపులో కొట్టొచ్చినట్టు తేడా కనిపిస్తే, కారణం చాలాసార్లు కట్, అంటే రాయిని కోసి సానపట్టిన తీరే. అయితే మార్కెట్ ధర బరువుకే పెద్దపీట వేస్తుంది. అందుకే సానపట్టేవారు మెరుపును కొంత వదులుకుని బరువును మిగుల్చుకుంటారు. కొన్న రాయి కట్ ఎలాంటిదో సర్టిఫికెట్‌లోని నాలుగైదు అంకెలు, మిల్లీమీటర్ల కొలత, మామూలు వెలుతురు చాలావరకు చెప్పేస్తాయి. తిరిగి అమ్మితే వచ్చే విలువ మాత్రం వేరే లెక్క.

వజ్రాల నగ కొన్నాక బిల్లుతో పాటు ఏటీఎం కార్డు సైజులో ఒక సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని బీరువాలో పడేసేవారే ఎక్కువ. ఇప్పుడు దాని మీది నంబరును ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొడితే చాలా రాళ్ల వివరాలు ఫోన్‌లోనే తెలిసిపోతున్నాయి. ఉదాహరణకు ఒక రాయికి టేబుల్ 58 శాతం, డెప్త్ 63.4 శాతం, క్రౌన్ కోణం 36, పెవిలియన్ కోణం 41.8 అని ఉందనుకుందాం (ఈ పేర్ల అర్థం కింద ఉంది). ఇవి మంచి అంకెలా కాదా అనేది షాపులో చెప్పేవాళ్లు అరుదు. "ఈఎఫ్, వీవీఎస్ అండీ, ఫస్ట్ క్వాలిటీ" అనే మాటతో బేరం తెగిపోతుంది. ఈఎఫ్ అంటే ఈ, ఎఫ్ అనే రంగు గ్రేడులు. వీవీఎస్ అంటే లోపలి మచ్చలు చాలా సూక్ష్మంగా ఉన్నాయని. మెరుపును శాసించే కట్ ఊసే ఆ మాటలో లేదు.

హాల్‌మార్క్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండేవారూ ఉన్నారు. బీఐఎస్ ముద్ర, ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు బంగారం స్వచ్ఛతకు మాత్రమే పూచీ పడతాయి. 750 అని ఉంటే అది 18 కారెట్ల బంగారం. అందులో పొదిగిన రవ్వలకూ ఆ ముద్రకూ సంబంధం లేదు.

వెలుగు లోపలికి వెళ్లి ఏం చేస్తుంది

గుండ్రటి వజ్రాన్ని పక్కనుంచి చూస్తే, పైన చదునుగా ఉండే పెద్ద ముఖాన్ని టేబుల్ అంటారు. దాని చుట్టూ వాలుగా దిగే పైభాగం క్రౌన్. నడుము దగ్గరి సన్నటి అంచు గర్డిల్. అక్కణ్నుంచి మొనదేలుతూ కిందికి దిగేది పెవిలియన్. టేబుల్ నుంచి అడుగు మొన దాకా ఉన్న ఎత్తు డెప్త్. టేబుల్, డెప్త్ శాతాలను రాయి వ్యాసంతో పోల్చి చెబుతారు. మొత్తం 57 ముఖాలు, అడుగున మొనను కూడా చదును చేస్తే 58.

వజ్రం వక్రీభవన గుణకం 2.42. ఫిజిక్స్‌లో చదివే సందిగ్ధ కోణం వజ్రానికి 24.4 డిగ్రీలు. అంటే రాయి లోపలి నుంచి ఏదైనా ముఖాన్ని అంతకంటే ఎక్కువ వాలుగా తాకిన కిరణం బయటికి పోలేదు, అద్దం మీద పడ్డట్టు లోపలికే తిరుగుతుంది. మామూలు గాజుకి ఈ హద్దు దాదాపు 42 డిగ్రీలు. అందుకే అచ్చం వజ్రంలాగే కోసిన గాజు రాయిలో వెలుగు చాలావరకు అడుగునుంచి కారిపోతుంది. బాగా కోసిన వజ్రం దాన్ని పైకి తిప్పి పంపుతుంది.

ఆ తిప్పి పంపే పని పెవిలియన్ కోణం మీద ఆధారపడి ఉంటుంది. బెల్జియంలోని ఆంట్‌వర్ప్‌కు చెందిన వజ్రాల కుటుంబంలో పుట్టిన ఇంజనీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లో దీనికి లెక్కలు కట్టి ప్రచురించాడు. ఆయన తేల్చిన కొలతలు ఇవి: టేబుల్ వ్యాసంలో 53 శాతం, క్రౌన్ కోణం 34.5 డిగ్రీలు, పెవిలియన్ కోణం 40.75 డిగ్రీలు. నూరేళ్లు దాటినా మంచి కట్‌లన్నీ ఇంచుమించు ఈ అంకెల చుట్టూనే తిరుగుతున్నాయి.

ఒకట్రెండు డిగ్రీలకు అంత తేడా ఎందుకు వస్తుందన్నది చూడాలి. పెవిలియన్ 40.75 డిగ్రీలున్న రాయిని నిట్టనిలువుగా పైనుంచి చూస్తే, టేబుల్ గుండా కంటికి చేరే వెలుగు దాదాపు 45 డిగ్రీల వాలులో ఉన్న పరిసరాల నుంచి వస్తుంది. అక్కడ దీపాలుంటాయి, కిటికీలుంటాయి, తెల్లటి గోడలుంటాయి. అదే కోణం 43కి పెరిగితే ఆ వాలు సుమారు 20 డిగ్రీలకు పడిపోతుంది. అంటే వజ్రం ఇప్పుడు చూసే మనిషి తల ఉన్న వైపు నుంచే వెలుగు తీసుకోవాలి. తల అడ్డు కాబట్టి రాయి నడిమధ్యన నల్లటి మచ్చలా కనిపిస్తుంది. వ్యాపారంలో దీన్ని నెయిల్ హెడ్ అంటారు. ఇటు కోణం 39 దిగువకు తగ్గితే ఇంకో లోపం తలెత్తుతుంది. గర్డిల్ ప్రతిబింబం టేబుల్ లోపల తెల్లటి వలయంలా తేలి, చేప కన్ను చూస్తున్నట్టుంటుంది. ఇది ఫిష్ ఐ. రాయిని కొద్దిగా వాలిస్తే ఆ వలయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

క్రౌన్ పని వేరు. తెల్లటి వెలుగును రంగులుగా విడగొట్టే విక్షేపణం ఎంత బాగా కంటికి అందుతుందన్నది క్రౌన్ ఎత్తు, వాలు మీద ఆధారపడుతుంది. టేబుల్ బాగా వెడల్పై క్రౌన్ పలచగా ఉన్న రాయి తెల్లగా ధగధగలాడుతుంది గానీ ఎరుపు, నీలం తళుకులు తక్కువ. కొందరికి ఆ తెల్లటి మెరుపే ఇష్టం, అందులో తప్పేమీ లేదు. నల్లటి మచ్చ, చేప కన్ను మాత్రం ఎవరికైనా లోపాలే.

బరువు కోసం బలయ్యే మెరుపు

ఇంత తెలిసిన విద్య అయినప్పుడు రాళ్లన్నీ సరైన కోణాల్లోనే ఎందుకు కోయరు? జవాబు ధరల పట్టికలో ఉంది. ప్రపంచవ్యాప్తంగా వ్యాపారులు బేరానికి ఆధారంగా పెట్టుకునేది 1978 నుంచి వెలువడుతున్న రాపాపోర్ట్ పట్టిక. ముంబై, సూరత్‌లలో దాన్ని రాప్ అనేస్తారు. అందులో ఆకారానికీ, బరువు శ్రేణికీ వేర్వేరు పట్టికలు ఉంటాయి. ప్రతి పట్టికలో నిలువు, అడ్డం గడులు రంగుకీ, క్లారిటీకీ. కట్‌కి మాత్రం ప్రత్యేకంగా గడి లేదు. బాగా కోసిన రాయికి రాప్ మీద తగ్గింపు తక్కువ, పాడు కట్‌కి తగ్గింపు ఎక్కువ అన్న లెక్క బేరంలో తేలుతుంది. రిటైల్ కొనుగోలుదారుకి ఆ బేరం కనిపించదు.

పైగా కారెట్ ధర (ఇక్కడ కారెట్ అంటే బంగారం స్వచ్ఛత కాదు, వజ్రం బరువు కొలత; అందులో నూరో వంతు ఒక సెంటు) బరువు శ్రేణిని బట్టి మెట్లుమెట్లుగా పెరుగుతుంది. 0.90 నుంచి 0.99 కారెట్ల దాకా ఒక మెట్టు, 1.00 నుంచి 1.49 దాకా ఇంకో మెట్టు. అంటే 0.97 కారెట్ల రాయికీ 1.00 కారెట్ రాయికీ బరువులో తేడా 6 మిల్లీగ్రాములే, ధరలో తేడా మాత్రం ఆ మూడు సెంట్ల విలువకు ఎన్నో రెట్లు. 50 సెంట్లు, 70 సెంట్లు, ఒకటిన్నర కారెట్, రెండు కారెట్ల దగ్గరా ఇంతే.

ఇప్పుడు సానపట్టే మనిషి వైపు నుంచి చూస్తే ఒత్తిడి అర్థమవుతుంది. గనిలో దొరికే ముడి వజ్రం చక్కటి రూపంలో ఉంటే, రెండు పిరమిడ్లను అడుగులు కలిపి అతికించినట్టుంటుంది. దాని ముఖాలు నడిమి తలానికి 54.7 డిగ్రీల వాలులో ఉంటాయి. పెవిలియన్‌కి కావలసింది 41 డిగ్రీలు. ఆ తేడానంతా అరగదీసి పొడి చేయాలి. గుండ్రటి వజ్రానికి ముడి రాయిలో సగానికి పైగా పోవడం మామూలే. 41 దగ్గర ఆపాల్సినదాన్ని 42.5 దగ్గర ఆపితే, నడుమును కాస్త మందంగా వదిలేస్తే, మిగిలే నాలుగైదు సెంట్లే రాయిని ఒక మెట్టు పైకెక్కిస్తాయి. కొనేవారు అడిగేది "కారెట్ ఉందా" అని కాబట్టి, కోసేవారు కారెట్ మిగిలేలా కోస్తారు. ఇక్కడ మోసం ఏమీ లేదు. ధరల పద్ధతి ఎటు లాగితే సాన అటు మొగ్గుతుంది.

బరువుకీ మెరుపుకీ మధ్య ఈ పేచీ పాతదే. దానికి అందరికీ తెలిసిన ఉదాహరణ కృష్ణా తీరాన, ఇప్పటి పల్నాడు ప్రాంతంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని ఎక్కువమంది నమ్మే కోహినూర్. 1849లో అది బ్రిటిష్ వారి చేతికి వెళ్లింది. 1851లో లండన్ మహా ప్రదర్శనలో పెడితే చూసేందుకు జనం ఎగబడ్డారు, చూసి పెదవి విరిచారు. భారతదేశపు పాత సానలో రాయి బరువును కాపాడటం ముఖ్యం. దీపాల కింద మెరిపించడం యూరప్ పద్ధతి. మరుసటి ఏడాది, 1852లో, విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన కోస్టర్ సంస్థ పనివారితో దాన్ని మళ్లీ సానపట్టించాడు. సుమారు 186 కారెట్ల రాయి 105.6 కారెట్లకు దిగింది. బరువులో 40 శాతానికి పైగా పోయింది. ఆ నష్టం అవసరమా అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

సర్టిఫికెట్‌లో చూడాల్సిన అంకెలు

గుండ్రటి వజ్రాలకు అమెరికాలోని వజ్రాల పరీక్షా సంస్థ జీఐఏ 2006 నుంచి కట్ గ్రేడు ఇస్తోంది. ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని ఐదు మెట్లు. కట్, పాలిష్, సిమెట్రీ మూడూ ఎక్సలెంట్ అయితే షాపులవాళ్లు ట్రిపుల్ ఎక్సలెంట్ అంటారు. ఈ మాట వినగానే నమ్మేయడం తొందరపాటు. జీఐఏ ఎక్సలెంట్ శ్రేణి చాలా విశాలం. టేబుల్ 52 నుంచి 62 శాతం, క్రౌన్ 31.5 నుంచి 36.5 డిగ్రీలు, పెవిలియన్ 40.6 నుంచి 41.8 డిగ్రీలు, డెప్త్ 57.5 నుంచి 63 శాతం. ఇవన్నీ విడివిడి హద్దులు. ఒకదానితో ఒకటి పొసగడం ఇంకో పరీక్ష. క్రౌన్ నిటారుగా ఉంటే పెవిలియన్ కాస్త చదునుగా ఉండి సర్దుకోవాలి. రెండూ పై హద్దుల వైపే ఉంటే, గ్రేడు ఎక్సలెంట్ వచ్చినా మెరుపులో వెనకబడుతుంది.

అందుకే జాగ్రత్తగా కొనేవారు శ్రేణిని ఇంకా బిగిస్తారు. టేబుల్ 54 నుంచి 58, క్రౌన్ 34 నుంచి 35, పెవిలియన్ 40.6 నుంచి 41, డెప్త్ 60 నుంచి 62.5. ఈ లోపల ఉన్న గుండ్రటి రాయి మంచి కట్ అయ్యే అవకాశం బాగా ఎక్కువ. మొదట్లో చెప్పిన రాయి అంకెలను ఇప్పుడు చూస్తే సంగతి తెలుస్తుంది. డెప్త్ 63.4 కాబట్టి ఎక్సలెంట్‌కి అందదు. క్రౌన్ 36, పెవిలియన్ 41.8 రెండూ నిటారుగా ఉన్నాయి. బరువు పొట్టలో దాచుకున్న రాయి అది. గర్డిల్ వివరం కూడా చదవాలి. థిక్, వెరీ థిక్ అని ఉంటే కంటికి కనిపించని చోట సెంట్లకు డబ్బు కట్టినట్టే. ఎక్స్‌ట్రీమ్‌లీ థిన్ అని ఉంటే పొదిగేటప్పుడు అంచు పెచ్చు లేచే ప్రమాదం ఉంది.

ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. రిపోర్టులోని కోణాలు ఎనిమిది వైపులా కొలిచి తీసిన సగటు. జీఐఏ క్రౌన్ కోణాన్ని అర డిగ్రీకి, పెవిలియన్‌ను 0.2 డిగ్రీకి సవరించి రాస్తుంది. ఒక వైపు 40.2, ఇంకో వైపు 41.6 ఉన్న రాయి సగటులో చక్కగా కనిపిస్తుంది. కాగితం చెడ్డ రాయిని ఏరిపారేయడానికి బాగా పనికొస్తుంది, మంచి రాయిని ఎంచడానికి కళ్లు కావాలి.

ఓవల్, పియర్, కుషన్, ఎమరాల్డ్ లాంటి ఆకారాలకు జీఐఏ రిపోర్టులో కట్ గ్రేడే ఉండదు, పాలిష్, సిమెట్రీ మాత్రమే ఉంటాయి. అవి ఎక్సలెంట్ అని చూపించి కట్ ఎక్సలెంట్ అని చెప్పడం తరచుగా జరిగే పొరపాటు. ఓవల్, పియర్ రాళ్లలో నడిమధ్య బో టై ఆకారంలో నల్లటి నీడ ఎంత ఉందో చూస్తే చాలా సంగతి తెలిసిపోతుంది.

స్కేలుతో, కిటికీ పక్కన

సర్టిఫికెట్ లేకపోయినా పనికొచ్చే సాధనం మిల్లీమీటర్ల కొలత. బాగా కోసిన గుండ్రటి వజ్రం 10 సెంట్లయితే సుమారు 3 మి.మీ., 25 సెంట్లయితే 4.1, 50 సెంట్లయితే 5.1, ఒక కారెట్ అయితే 6.4 నుంచి 6.5 మి.మీ. వెడల్పుంటుంది. డెప్త్ బాగా పెరిగి నడుము మందంగా ఉన్న ఒక కారెట్ రాయి 6.2 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. అంటే పైనుంచి చూస్తే అది 89 సెంట్ల మంచి రాయి అంత ఉంటుంది. కట్టింది కారెట్ ధర, వేలి మీద కనిపించేది 89 సెంట్లు. పైగా మెరుపూ తక్కువ. మెరుపుని కొలవడం కష్టం గానీ ఈ నష్టాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో ఎవరైనా కొలవొచ్చు.

షాపుల్లో పైకప్పు నిండా చిన్న చిన్న స్పాట్ లైట్లు ఉంటాయి. ఆ వెలుతురులో ఏ రాయైనా జిగేల్‌మంటుంది. కట్ బయటపడేది మామూలు చోట్లే. కిటికీ పక్కన నేరుగా ఎండ పడని చోట, ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద, చెట్టు నీడలో చూడాలి. ముందు రాయిని వెచ్చటి నీళ్లలో సబ్బు వేసి మెత్తటి బ్రష్‌తో కడగాలి. పసుపు, నూనె, క్రీము అడుగున పేరుకుంటే మేలైన కట్ కూడా మసకబారుతుంది. కడిగాక రాయిని మెల్లగా అటూ ఇటూ వాలుస్తూ గమనిస్తే, మంచి కట్‌లో వెలుగు నలుపు ముక్కలు ఒకదాని చోటులోకి ఒకటి చురుగ్గా మారుతుంటాయి. ఎంత తిప్పినా ఒకేచోట నల్లగా, లేదా కింద ఉన్నది కనిపించేంత నీరుకారినట్టు ఉంటే అక్కడ వెలుగు తిరిగి రావడం లేదని అర్థం. ఐడియల్ స్కోప్ అనే చిన్న సాధనంలోంచి చూస్తే ఈ పని ఇంకా తేలిక. వెలుగు తిరిగొచ్చే చోట్లు ఎర్రగా, కారిపోయే చోట్లు తెల్లగా కనిపిస్తాయి.

ఏడురాళ్ల దుద్దులు, బ్లూ జాగర్

తెలుగు ఇళ్లలో వజ్రమంటే ఒంటి సాలిటేర్ ఉంగరం కంటే ముందు గుర్తొచ్చేవి ఏడురాళ్ల దుద్దులు, ముక్కుపుడక, రవ్వల నెక్లెస్. వీటిలో సమస్య ఇంకో రకం. పాత పద్ధతిలో వెనక మూసేసి పొదిగిన రాయి పెవిలియన్‌ను చూడలేం. లోతెంతో, మొన విరిగిందో లేదో తెలియదు. వెనక తడి చేరితే మెరుపు చచ్చిపోతుంది. పొదిగిన రాయి రంగును కూడా ల్యాబ్‌లు కచ్చితంగా చెప్పలేవు కాబట్టి, అలాంటి నగల సర్టిఫికెట్ మీద గ్రేడుకి బదులు శ్రేణి ఉంటుంది. చిన్న రవ్వల్లో 57 ముఖాల ఫుల్ కట్ ఉంటుంది, 17 ముఖాల సింగిల్ కట్ ఉంటుంది. ధరలో తేడా ఉంటుంది కాబట్టి బిల్లులో ఏది రాశారో చూడాలి.

మొత్తం బరువుతో కూడా జాగ్రత్త అవసరం. రెండు దుద్దులకు కలిపి 14 రాళ్లు, ఒక్కోటి 7 సెంట్లు అనుకుంటే మొత్తం 98 సెంట్లు. దీన్ని ఒక కారెట్ ఒంటి రాయితో పోల్చకూడదు. చిన్న రాళ్ల కారెట్ ధర చాలా తక్కువ. అయితే ఏడింటినీ ఒకే రంగు, ఒకే వెడల్పు, ఒకే తీరు మెరుపుతో జోడించడానికి పట్టే శ్రమకు కొంత ధర పెట్టడం న్యాయమే.

దక్షిణాదిలో పెద్దవాళ్లు బ్లూ జాగర్ కావాలని అడిగేవారు. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటైన్ గని పేరు మీదుగా వచ్చిన ఈ మాట నీలిఛాయతో మెరిసే తెల్లటి రాళ్లకు స్థిరపడింది. ఆ నీలం చాలాసార్లు అతినీలలోహిత కాంతికి రాయి వెలగడం వల్ల వచ్చే ఫ్లోరోసెన్స్. ఇక్కడ మక్కువగా కొన్న ఆ గుణానికే, రంగు గ్రేడు బాగున్న రాళ్లలో అంతర్జాతీయ మార్కెట్ ధర తగ్గిస్తుంది. కొన్ని రాళ్లలో బలమైన ఫ్లోరోసెన్స్ మసక తెస్తుంది, చాలావాటిలో కంటికి ఏ తేడా తెలియదు. కాబట్టి కళ్లకు స్పష్టంగా ఉన్న బ్లూ జాగర్ అందంలో ఏమాత్రం తక్కువ కాదు, అమ్మకంలో మాత్రం తక్కువ పలకొచ్చు.

ఏ విలువ గురించి అడుగుతున్నారు

విలువెంత అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. షాపు ధర ఒకటి, ఇన్సూరెన్స్ కోసం రాసే విలువ ఇంకొకటి, అదే షాపులో మార్చుకుంటే కట్టే ధర వేరొకటి, బయట అమ్మితే చేతికొచ్చే నగదు అన్నిటికంటే కింద ఉంటుంది. బంగారానికి రోజూ ప్రకటించే రేటు ఉంది. వజ్రానికి అలాంటిది లేదు, ఎందుకంటే ఏ రెండు రాళ్లూ ఒకటి కావు. షాపు లాభం, మజూరీ, 3 శాతం జీఎస్టీ కొన్న రోజే కలిసిపోతాయి, అమ్మేటప్పుడు తిరిగి రావు. మంచి కట్ రాయికి తిరిగి కొనేవారు తొందరగా దొరుకుతారు. పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందన్న భరోసా మాత్రం ఏ కట్ ఇవ్వదు.

బిల్లులో ఒక చిన్న తీసివేత తప్పక చేసుకోవాలి. కారెట్ అంటే 0.2 గ్రాములు. ఉంగరం మొత్తం 4.300 గ్రాములు తూగి, అందులో 50 సెంట్ల వజ్రాలుంటే వాటి బరువు 0.100 గ్రాములు. బంగారం ధర వేయాల్సింది 4.200 గ్రాములకే. రాళ్ల బరువును బంగారంలో కలిపేస్తే అదే రాళ్లకు రెండుసార్లు కట్టినట్టు.

ల్యాబ్‌లో పెంచిన వజ్రాలు ఈ లెక్కను ఇంకాస్త మార్చాయి. అవీ వజ్రాలే, వక్రీభవన గుణకం అదే, కట్‌ని పరీక్షించే పద్ధతీ అదే. ముడి రాయి చవక కాబట్టి వాటిలో బరువు కోసం కోణాలను బలిచేయాల్సిన ఒత్తిడి తక్కువ. ధర మాత్రం కొన్నేళ్లుగా నిలకడ లేకుండా పడిపోయింది. డీ బీర్స్ సంస్థ 2018లో కారెట్ 800 డాలర్లకు ల్యాబ్ వజ్రాల బ్రాండ్ మొదలుపెట్టి, 2025లో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. అందంగా కనిపించే పెద్ద రాయి కావాలంటే ల్యాబ్ వజ్రం మంచి ఎంపికే. తిరిగి అమ్మకపు విలువ ఆశించి కొనడానికి మాత్రం ఇప్పుడు ఆధారం లేదు. షాపుల్లో వాడే పెన్ను లాంటి టెస్టర్ గాజునీ, అమెరికన్ డైమండ్‌నీ పట్టేస్తుంది గానీ గని వజ్రానికీ ల్యాబ్ వజ్రానికీ తేడా చెప్పలేదు. ఆ సంగతి ల్యాబ్ రిపోర్టుతోనే తేలాలి. రిపోర్టు నంబరు గర్డిల్ మీద లేజర్‌తో చెక్కి ఉంటే, లూప్ అనే చిన్న భూతద్దంలో చూసి పోల్చుకోవాలి. బరువు, కొలతలు కూడా సరిపోవాలి, ఎందుకంటే నంబరును నకిలీగా చెక్కిన రాళ్లు పట్టుబడ్డ సందర్భాలున్నాయి.

మళ్లీ సానపట్టించవచ్చా

కట్ బాగాలేదని తేలాక వచ్చే ప్రశ్న ఇది. పట్టించవచ్చు, కానీ అది లాభమా నష్టమా అన్నది మళ్లీ ఆ బరువు మెట్ల మీదే ఆధారపడుతుంది. 1.08 కారెట్ల లోతైన రాయిని సరిచేసి కారెట్ పైనే నిలపగలిగితే, మెరుపు పెరిగి, గ్రేడు పెరిగి, ఖర్చు గిట్టుబాటు కావచ్చు. 1.01 కారెట్ల రాయిని ముట్టుకుంటే 90 సెంట్ల మెట్టులోకి జారిపోతుంది, అమ్మకపు ధర పడుతుంది. అమ్మే ఉద్దేశం లేక పెట్టుకోవడానికే అనుకుంటే మాత్రం ఆ నష్టం కాగితం మీదిదే. 20, 30 సెంట్ల రాళ్లకు ఈ ఖర్చు సాధారణంగా దండగ. రాయిని నగలోంచి తీయించి, స్కానర్ మీద ఎంత బరువు మిగులుతుందో ముందే అంచనా వేయించుకుని, అది రాతపూర్వకంగా తీసుకున్నాకే పనికి ఇవ్వాలి. సాన మారాక కొలతలు, బరువు మారతాయి కాబట్టి పాత రిపోర్టు చెల్లదు. కొత్త రిపోర్టు ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోవాలి.